ముప్పయ్యో లైనుకి పైన

రొట్టెల ఫ్యాక్టరీలో ఆ నెల జరిగిన రగడకంతటికీ మూలపురుషుడు ఉక్కపోత. అది ఒక మనిషికి పడిన పేరు. ఏ బండికి ఎన్ని రొట్టెలు ఎక్కాయో రాసుకునే డిస్పాచ్ గుమాస్తా అతను. బయట చలిగాలి కొడుతున్నా సరే, చొక్కా పై గుండీ తీసేసి, అట్టముక్కతో విసురుకుంటూ "అబ్బ, ఏం ఉక్కపోతండీ" అనకుండా ఏ మాటా మొదలుపెట్టడు. దాంతో అసలు పేరు జనం మర్చిపోయారు.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్లో ఏదో కెలుకుతుంటే అతనికి ఒక పేజీ తగిలింది. దాని మీద బొద్దుగా 220 అని అంకె, పక్కన పైకో బాణం, కిందికో బాణం. ఫ్యాక్టరీవాళ్ళు ఏసీని కంప్యూటర్లోకి ఎక్కించారనీ, తనకి చెప్పడం మర్చిపోయారనీ అనుకున్నాడు. 220 ఉంటే ఉక్కపోయక ఏం చేస్తుంది అని, కింది బాణం నొక్కుతూ నొక్కుతూ, ఓపిగ్గా 24కి తెచ్చాడు. తెచ్చి కుర్చీలో వెనక్కి వాలి, ఇప్పుడు కాస్త ప్రాణం లేచొచ్చిందని పక్కవాడితో అన్నాడు కూడా.

అతను చల్లార్చింది రెండో నంబరు పొయ్యిని. గంట తిరిగేసరికి దాంట్లోంచి ఆరువందల రొట్టెలు ఎలా వెళ్ళినవి అలాగే, తెల్లగా, బొద్దుగా, పచ్చి పిండిముద్దల్లా బయటికొచ్చాయి. పొయ్యిల మేస్త్రి ఇరవై ఏళ్ళుగా ఆ మూడు పొయ్యిల్నీ కడుపున పుట్టిన బిడ్డల్లా చూసుకుంటున్న మనిషి. ఆవిడ ఒక ముద్ద చేత్తో పట్టుకుని, ఆఫీసులో గది గదికీ తిరిగి, "ఇది ఎవరి చలవ?" అని అడిగింది. ఉక్కపోత పాపం చెయ్యెత్తి ఒప్పుకున్నాడు. ఆ ముద్దని ఆవిడ అతని బల్ల మీదే వదిలేసి వెళ్ళింది. సాయంత్రానికి అది పొంగి కీబోర్డు మీదికి పాకింది.

మేనేజరు కోపమంతా దిగాక, ఫ్యాక్టరీలో కంప్యూటర్ల సంగతి చూసే ఇంజినీరమ్మని పిలిచి, అసలు డిస్పాచ్ బల్ల మీంచి పొయ్యి ఎలా అందిందని అడిగాడు. అందకపోవడానికి అడ్డం ఏముంది సార్ అందా అమ్మాయి. కంప్యూటర్లూ, ప్రింటర్లూ, పొయ్యిల వేడి చూసే కంట్రోల్ పెట్టెలూ అన్నీ ఒక్క స్విచ్‌కే తగిలించి ఉన్నాయి. అది దీపం వేసే మీట కాదు. ఇరవై నాలుగు కన్నాలున్న ఇనప డబ్బా. ఒక్కో కన్నాన్ని పోర్టు అంటారు, ఒక్కో పోర్టులోకి ఒక్కో కేబుల్. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆ మాట దాని గుండా పోవాల్సిందే. ఇన్నాళ్ళూ అది సత్రం గుమ్మంలా బార్లా తెరిచి ఉంది. ఇప్పుడు దాని చేతికి ఒక లిస్టు ఇవ్వాలి: పొయ్యిల దగ్గరికి ఎవరిని పోనివ్వాలి, ఎవరిని ఆపాలి. దాన్నే యాక్సెస్ లిస్టు అంటారు.

అయితే రాసెయ్ అన్నాడు మేనేజరు. నేను కాదు సార్, బాబాయ్ రాస్తాడు అంది ఇంజినీరమ్మ.

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

బాబాయ్ అంటే నిచ్చెన బాబాయ్. ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా కేబుళ్ళు లాగుతున్నాడు. చదువు పదో తరగతి దాకా వచ్చి, లెక్కల పరీక్ష దగ్గర చతికిలబడింది. ఆయనని నేల మీద చూసినవాళ్ళు తక్కువ. ఎప్పుడు చూసినా నిచ్చెన మీద, తల పైకప్పులో, కాళ్ళు మాత్రం మనకి. టీ కూడా నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడే తాగేవాడు. ఏడాదిగా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. డాక్టరు ఫోటో తీసి చూసి, బాబూ, ఇక నిచ్చెన అన్న మాట నీ నోట రాకూడదు అన్నాడు. నిచ్చెన ఎక్కనివాడికి నా దగ్గర పనేముందయ్యా, నువ్వే చెప్పు అన్నాడు మేనేజరు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్న మాట అన్నాడు. బాబాయ్‌కి యాభై రెండు. ఇంకో చోట కొత్తగా చేర్చుకునే వయసు దాటిపోయింది, ఇంట్లో కూర్చునే వయసు ఇంకా రాలేదు.

అప్పట్నుంచీ ఇంజినీరమ్మ చడీచప్పుడూ లేకుండా ఆయనకి స్విచ్ పని నేర్పుతోంది. వయసులో ఆయన కూతురంతది. ఆరు నెలలుగా, భోజనాల వేళ, తన బల్ల కింద దాచిన ఒక పాత స్విచ్ మీద. బాబాయ్ టైపు కొట్టడం చూస్తే కోడి గింజలు ఏరుకుంటున్నట్టు ఉంటుంది. ఒక వేలు, ఒక అక్షరం, మధ్యలో కీబోర్డు మీద సుదీర్ఘమైన వెతుకులాట. కానీ ఒకసారి కొట్టిన కమాండు మళ్ళీ మర్చిపోడు.

"పదో తరగతి తప్పినోడికి నా పొయ్యిల తాళాలు ఇమ్మంటావా?" అన్నాడు మేనేజరు.

"తాళాలు కాదు సార్. తాళం వేసే పని ఇమ్మంటున్నాను."

చివరికి ఇద్దరికీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. లిస్టు బాబాయే రాస్తాడు, బాబాయే ఎక్కిస్తాడు. సవ్యంగా జరిగితే వచ్చే నెల నుంచి నిచ్చెన బదులు కుర్చీ. పొయ్యిలు గనక ఒక్క పావుగంట ఆగాయా, ఈ నెలాఖరుకి దండం పెట్టి ఇంటికి. బాబాయ్‌ని అడిగితే సరే అన్నాడు. కాదంటే మిగిలేది ఆ రెండోదే కదా.

లిస్టు చూడ్డానికి చిన్నదే. స్విచ్ ఒక్కో లైనుకీ ఒక నంబరు ఇస్తుంది. పది, ఇరవై, ముప్పై అని. ఒకటి, రెండు, మూడు అని ఇవ్వొచ్చుగా అని బాబాయ్ మొదట్లో అడిగాడు. మధ్యలో ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి చోటుండాలి కదా బాబాయ్ అంది ఇంజినీరమ్మ. పదో లైను: పొయ్యిల మేస్త్రి కంప్యూటర్ని పొయ్యిల దగ్గరికి పోనీ. ఇరవయ్యో లైను: మరమ్మతులవాళ్ళ కంప్యూటర్ని పోనీ. ముప్పయ్యో లైను: ఇంకెవరొచ్చినా పొయ్యిల దగ్గరికి పోనివ్వకు. అక్కడికి అయిపోయిందనుకుని, మొదటిసారి పాత స్విచ్ మీద అంతవరకే రాసి, బాబాయ్ పప్పులో కాలేశాడు. స్విచ్ మొత్తం మూగబోయింది. అసలు స్విచ్ మీదైతే ప్రింటరుకి పోయేవాళ్ళు, మెయిల్ చూసుకునేవాళ్ళు, అందరూ ఆగిపోయేవారు. ప్రతి లిస్టు చివరా కంటికి కనపడని లైను ఒకటి ఉంటుందనీ, మిగతావాళ్ళెవరూ వద్దు అని దాని అర్థమనీ, అందుకే నలభయ్యో లైనులో "మిగతా చోట్లకి ఎవరైనా పోవచ్చు" అని మనమే రాయాలనీ ఆ అమ్మాయి చెప్పింది. బాబాయ్ తలూపాడు గానీ, కనపడని లైను సంగతి ఆయనకి మింగుడుపడలేదు.

లిస్టు ఎక్కించే రోజుకి ముందురోజు సాయంత్రం ఇంట్లో కాగితం మీద ఆ నాలుగు లైన్లూ పదోసారి రాసుకుంటుంటే భార్య వచ్చి భుజం మీంచి చూసింది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని పేషంట్లని లోపలికి పంపే పని చేస్తుంది. ఇదేనా మీ అంత పెద్ద విద్య అంది. విద్య సంగతి తర్వాత, నువ్వు లిస్టు ఎలా చూస్తావో చెప్పమన్నాడు బాబాయ్.

"ఎలా చూడ్డమేంటి? పైనుంచి చదువుతా. పేరు కనపడిందా, దాని పక్కన ఏం రాసుంటే అదే చేస్తా. ఇంక కింద ఏముందో నాకెందుకు?"

"మరి అసలు పేరే లేనోళ్ళు?"

"పేరు లేకపోతే ఇంటికెళ్ళడమే. అది మళ్ళీ పనిగట్టుకుని రాసిపెట్టాలా ఏంటి, ఎవరైనా?"

బాబాయ్ పెన్ను కింద పెట్టేశాడు. ఇన్నాళ్ళూ మింగుడుపడనిది ఒక్క గుక్కలో దిగిపోయింది. ఆవిడ మాత్రం అదేం పట్టించుకోకుండా, మోకాళ్ళకి వేడినీళ్ళ సంచీ తెచ్చి ఆయన ఒళ్ళో పడేసి, రేపు పని ఎలా అయినా కానివ్వండి గానీ, ఆ మేనేజరు ముందు కంగారుపడి నిచ్చెన మాత్రం ఎక్కొద్దంది.

మర్నాడు పదకొండింటికి ముహూర్తం. ఇంజినీరమ్మ గదిలో ఆమె కుర్చీలో బాబాయ్, పక్కన స్టూలు మీద ఆమె, వెనక మేనేజరు. మేనేజరు తన గదిలోంచి కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నాడు. ఆయన ఊపిరి బాబాయ్ మెడ మీద తగులుతోంది. గుమ్మంలో పొయ్యిల మేస్త్రి, ఒళ్ళంతా పిండితో, చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడని ఎవరూ పిలవలేదు. నా పిల్లల గుమ్మానికి గొళ్ళెం పెడుతుంటే నేను చూడొద్దా అందావిడ.

ఇంజినీరమ్మ ముందుగా ఒక జాగ్రత్త చేసింది. స్విచ్‌కి అరగంట గడువు పెట్టింది. పదకొండున్నర లోపల బాబాయ్ అంతా బాగుందని ఆ గడువు రద్దు చేసి, లిస్టు భద్రం చేస్తే సరి. లేకపోతే స్విచ్ తనంతట తానే ఆగి, ఈ లిస్టు ఊసే లేకుండా పాత పద్ధతిలో లేస్తుంది. మనిషి తప్పు చేసి తలుపు బయట ఇరుక్కుపోతే, అదే తెరుచుకోవడానికి. కాకపోతే అలా ఆగి లేచేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది, అంతసేపూ పొయ్యిలు కూడా ఆగుతాయి. బాబాయ్‌కి లెక్కలు రాకపోయినా ఆ లెక్క మాత్రం బాగా తెలిసింది. ఇరవై నిమిషాలు పావుగంట కంటే ఎక్కువ.

మొదటి లైనులోనే ఒక అక్షరం జారింది. స్విచ్ ఆ తప్పు కింద బాణం ములుకు లాంటి గుర్తు వేసి చూపించింది. బాబాయ్ చిన్నప్పుడు తెలుగు మేష్టారు కాపీ పుస్తకంలో వేసే హంసపాదు అచ్చం ఇలాగే ఉండేది.

"ఆదిలోనే హంసపాదు అంటే వినడమే గానీ," అంది మేస్త్రి గుమ్మంలోంచి, "కళ్ళతో చూడ్డం ఇదే."

మేనేజరు తప్ప అందరూ నవ్వారు. నవ్వేసరికి బాబాయ్ వేలు కాస్త కుదురుకుంది. పది, ఇరవై, ముప్పై, నలభై. నాలుగు లైన్లూ కొట్టి, ఒక్కొక్కటీ పైకి చదివి, లిస్టుని పొయ్యిల వైపు దారికి తగిలించి, ఎంటర్ నొక్కాడు.

ఏమీ జరగలేదు. అంటే, ఏం జరగకూడదో అది జరగలేదు. మేస్త్రి వెళ్ళి తన కంప్యూటర్లో మూడు పొయ్యిలూ చూసుకుని, 220, 220, 215 అని అక్కణ్ణుంచే కేకేసింది. మరమ్మతులవాళ్ళు ఫోను చేసి మాకూ కనపడుతున్నాయన్నారు. ఆఫీసులో మెయిళ్ళు వస్తున్నాయి, ప్రింటర్లు కాగితాలు కక్కుతున్నాయి. ఆఖరున ఉక్కపోత తన బల్ల దగ్గర కూర్చుని, అక్కడున్నవాళ్ళందరి ముందూ ఆ పేజీ తెరవడానికి ప్రయత్నించాడు. తెల్లటి తెర, మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది. ఫోనులో అతను చెప్పిన మాటలో బెంగేమీ లేదు, పండగే. "రావట్లేదు బాబాయ్. చచ్చినా రావట్లేదు. నా పాపం కడిగేశావు."

పదకొండూ పదిహేను. మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు. అంతలో ప్యాకింగ్ హాల్లోంచి ఫోను.

లేబుళ్ళు వేసే యంత్రం ఆగిపోయిందట. ఎర్ర దీపం. పట్టీ మీద రొట్టెలు వచ్చి పడుతున్నాయి, మూటకట్టే కవర్ల మీద ఏ పూట కాల్చారో ఆ ముద్ర పడట్లేదు. ముద్ర లేని రొట్టె గేటు దాటదు. ప్యాకింగ్ సూపర్వైజరు గొంతు గదిలో అందరికీ వినపడింది. రొట్టెలు నేల మీద పడకుండా చీర కొంగులు పట్టాల్సి వస్తోంది, మీరంతా అక్కడ ఏం చేస్తున్నారు అని.

మేనేజరు మొహం కందగడ్డ అయింది. "తీసెయ్. మొత్తం తీసెయ్. అనుకుంటూనే ఉన్నా."

ఒక్క కమాండు కొడితే లిస్టు పోతుంది, లేబుల్ యంత్రం లేస్తుంది, దాంతోపాటే తన కుర్చీ కూడా పోతుంది. ఇంజినీరమ్మ వైపు చూశాడు. ఆ అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కీబోర్డు ముట్టుకోలేదు. పెదవి మాత్రం కొరుక్కుంటోంది.

"పొయ్యిలు ఆగలేదు కద సార్," అన్నాడు బాబాయ్. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఆగింది లేబులు. ఒక్క అయిదు నిమిషాలివ్వండి. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు. బాబాయ్ దాన్ని అవుననే అనుకున్నాడు.

ప్రతి లైను పక్కనా, ఆ లైను ఎన్నిసార్లు పనికొచ్చిందో స్విచ్ లెక్కపెట్టి చూపిస్తుంది. ముప్పయ్యో లైను పక్కన నలభై ఒకటి ఉంది. చూస్తుండగానే నలభై రెండు. బాబాయ్ పెదవులతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. నలభై మూడు. మూడు సెకండ్లకోసారి ఎవరో పొయ్యిల తలుపు కొడుతున్నారు, ఈ లైను పోపొమ్మంటోంది.

"ఉక్కపోతే," అన్నాడు మేనేజరు. "ఇంకా నొక్కుతూనే ఉన్నాడు, దరిద్రుడు."

ఉక్కపోతని పిలిపించారు. పాపం అట్టముక్క కూడా బల్ల మీదే వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి మరీ వచ్చాడు. అతను అలా నిలబడి ఉండగానే అరవై తొమ్మిది డెబ్భై అయింది. దాంతో ఆ కేసు కొట్టేశారు. అతను వెళ్ళమన్నా వెళ్ళకుండా గోడకి ఆనుకుని చూడ్డం మొదలుపెట్టాడు.

తలుపు కొడుతున్నదెవరో కూడా స్విచ్ రాసిపెట్టింది. ప్రతి యంత్రానికీ అంకెల్లో ఒక అడ్రసు ఉంటుంది, దీని అడ్రసు చివర డెబ్భై మూడు. ఆ అడ్రసు ఏ పోర్టు మీద ఉందో అడిగితే పదిహేడు అంది. ఇంజినీరమ్మ గోడ మీది పటం చూసింది. ఫ్యాక్టరీలో ఏ కేబుల్ ఎక్కడికి పోతుందో గీసిన పెద్ద పటం అది, ఆమె రాకముందు ఎవరో గీసి వెళ్ళింది. దాంట్లో పదిహేడో పోర్టు దగ్గర ఖాళీ అని ఉంది.

బాబాయ్ పటం వైపు చూడనే లేదు. కళ్ళు మూసుకున్నాడు.

"నీలం కేబుల్," అన్నాడు. "పిండి కలిపే గది మీదుగా పోయింది. మూడో దూలం దగ్గర గబ్బిలం ఉండేది, దాన్ని కదపకూడదని చుట్టూ తిప్పి తీసుకెళ్ళాను. అందుకే నాలుగు గజాలు ఎక్కువ పట్టింది. తర్వాత ప్యాకింగ్ హాల్లో రెండో స్తంభం వెనక దిగింది. ఆ చివర్న ఉన్నది... లేబుల్ యంత్రమే."

ప్యాకింగ్ హాలుకి ఫోను చేసి, ఆ యంత్రం తెర మీద ఏం రాసుందో చదవమన్నాడు. సూపర్వైజరు విసుక్కుంటూనే చదివింది: పొయ్యి జవాబు కోసం చూస్తున్నాను.

అప్పుడు గదిలో అందరికీ తెలిసింది. రొట్టె ఏ పూట కాలిందో లేబుల్ యంత్రానికి ఎవరూ చెప్పరు. అదే మూడు సెకండ్లకోసారి పొయ్యిని అడిగి తెలుసుకుంటుంది. పదకొండేళ్ళుగా అడుగుతోంది. ఎవరూ ఆపలేదు కాబట్టి ఎవరికీ తెలీలేదు. ఆ కేబుల్ లాగిన చెయ్యి బాబాయ్‌దే. అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. దాంట్లో ఏం మాటలు నడుస్తున్నాయో మాత్రం ఏనాడూ వినలేదు. సిగ్గేసింది. కానీ సిగ్గుపడ్డానికి టైము లేదు. పదకొండూ ఇరవై.

ఒక్క వేలితో గబగబా కొట్టాడు: డెబ్భై మూడుని పొయ్యిల దగ్గరికి పోనీ. ఎంటర్.

అందరూ ఫోను వైపు చూశారు. ఎర్ర దీపం ఎర్రగానే ఉందంది సూపర్వైజరు. ఇప్పుడు రొట్టెలు బుట్టల్లోకి ఎత్తుతున్నామనీ, బుట్టలు కూడా అయిపోతున్నాయనీ చెప్పింది.

మేనేజరు ఈసారి కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కున్నాడు. ఇంజినీరమ్మ చెయ్యి ఒకసారి కీబోర్డు వైపు వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఆమెకి తప్పు తెలుసని బాబాయ్‌కి అర్థమైంది. ఆమె చెప్తే లిస్టు బాగుపడుతుంది. కానీ రాసింది బాబాయ్ అనడానికి ఇక వీలుండదు.

ఆయన మళ్ళీ లెక్కల వైపు చూశాడు. కొత్త లైను చిట్టచివర, నలభై కింద యాభైగా వెళ్ళి కూర్చుంది. దాని పక్కన సున్నా. ఒక్కరు కూడా దాని దాకా రాలేదు. ముప్పయ్యో లైను మాత్రం రెండువందలు దాటి ఇంకా పైకి పోతూనే ఉంది. బాబాయ్ ఆ సున్నాని చూశాడు, ఆ రెండువందల్నీ చూశాడు. లేబుల్ యంత్రం పైనుంచి దిగుతూ వస్తోంది. పదిలో దాని పేరు లేదు, ఇరవైలో లేదు. ముప్పైలో "ఇంకెవరొచ్చినా వద్దు" అని ఉంది. ఇంకెవరో అంటే అదే కదా. అక్కడే మెడ పట్టి గెంటేస్తున్నారు. కింద యాభైలో రమ్మని ఎంత మర్యాదగా రాసిపెడితే మాత్రం ఏం లాభం, అక్కడిదాకా వస్తే కదా చదివేది.

"పైన కూర్చోబెట్టాలి," అన్నాడు, ఎవరితోనూ కాదు.

యాభైని తీసేశాడు. మళ్ళీ అదే మాట కొట్టాడు, ఈసారి ముందు ఇరవై అయిదు అని నంబరు పెట్టి. ఒక్కొక్క అక్షరం మీదా వేలు ఆపి, చూసి, నొక్కాడు. ఎంటర్ కొట్టేముందు మొత్తం పైకి చదివాడు. గోడకి ఆనుకున్న ఉక్కపోత కూడా ఆయనతో పాటు పెదవులు కదిపాడు.

ఇరవై అయిదో లైను పక్కన సున్నా. తర్వాత ఒకటి. రెండు. మూడు. ముప్పయ్యో లైను రెండువందల ముప్పై ఎనిమిది దగ్గర ఆగి, మరి కదల్లేదు.

ఫోనులో ముందు యంత్రం చప్పుడు వినపడింది, టపటపటప అని. తర్వాత సూపర్వైజరు గొంతు. "పచ్చ దీపం. ఇంక పెట్టేయండి, నాకు చచ్చేంత పనుంది."

ఇంకా అయిదు నిమిషాలుంది. ఇప్పుడే గడువు రద్దు చేసేద్దామా అంది ఇంజినీరమ్మ. బాబాయ్ వద్దన్నాడు. మూడు నిమిషాలు ఊరికే కూర్చుని ముప్పయ్యో లైను వైపే చూశాడు, ఇంకా ఎవరైనా పాత చుట్టం తలుపు కొడతాడేమోనని. ఎవరూ కొట్టలేదు. పదకొండూ ఇరవై ఎనిమిదికి గడువు రద్దు చేసి, లిస్టు భద్రం చేశాడు. అప్పుడు గానీ చొక్కా వీపుకి అతుక్కుపోయిందన్న సంగతి తెలీలేదు.

"అబ్బ, ఏం ఉక్కపోత," అన్నాడు, అనేసి నాలుక కరుచుకున్నాడు. ఉక్కపోత అంత సంతోషంగా నవ్వడం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మేనేజరు నవ్వలేదు. లేబుల్ యంత్రం పన్నెండు పదమూడు నిమిషాలు ఆగింది, అది తక్కువా అన్నాడు. తప్పు బాబాయ్‌ది కాదు సార్, పటానిది, పటం నా గోడ మీదుంది కాబట్టి నాది అంది ఇంజినీరమ్మ. మీ ఒప్పందం పొయ్యిల గురించి కదా సార్, నా పొయ్యిలు రెప్ప కూడా వాల్చలేదు అంది మేస్త్రి. మేనేజరు అందరి మాటా విని, లేచి, గోడ మీది పటం దగ్గరికి వెళ్ళి, పదిహేడు దగ్గర వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"ఖాళీ అని రాశాడు, వెధవ," అన్నాడు పటం గీసినవాణ్ణి. తర్వాత వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా, ఇలాంటివి నీ బుర్రలో ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"లెక్కపెట్టలేదు సార్. లాగినవన్నీ ఉన్నాయి."

"కాగితం మీద?"

"కాగితం నన్నెవరూ అడగలేదు సార్."

మేనేజరు లోపల ఏదో కూడికా తీసివేతా చేసుకుంటున్నట్టు కనపడింది. ఈ మనిషి నెలాఖరుకి వెళ్ళిపోతే, ఫ్యాక్టరీలో సగం కేబుళ్ళు ఎక్కడికి పోతున్నాయో చెప్పే దిక్కు ఉండదు. అది ఆయన పైకి అనలేదు. అంటే బాబాయ్ నెత్తికెక్కి కూర్చుంటాడని భయం. "ఈ పటం చింపెయ్," అన్నాడు. "కొత్తది గియ్. అన్నీ వెయ్యి, గబ్బిలంతో సహా. ఒకటో తారీకు నుంచి నువ్వు ఈ గదిలో మనిషివి. ఇంకో బల్ల వేయించమని చెప్తాను." గుమ్మం దాటబోతూ ఆగి, "ఒకటో తారీకు దాకా ఎందుకులే, ఇప్పుడే మొదలెట్టు," అన్నాడు. తాను తెప్పించుకున్న కుర్చీ అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు. మర్చిపోయాడో, వదిలేశాడో.

భోజనాలయ్యాక బాబాయ్ ఆ కుర్చీలో కూర్చుని, నాలుగు పెద్ద కాగితాలు అంటించి బల్ల మీద పరిచాడు. ఇంజినీరమ్మ రంగు పెన్సిళ్ళు వెతికి తెచ్చింది. మొదటి కేబుల్ గీసేసరికే జనం పోగయ్యారు. ఎవరి కేబుల్ వాళ్ళు వెతుక్కోవడం, నాది ఇంత వంకరగా ఉందేంటి బాబాయ్ అని తగువు పెట్టుకోవడం. మేస్త్రి తన మూడు పొయ్యిలూ చిన్నగా వేశాడని అలిగి, పెద్దగా వేయించుకుని గానీ కదల్లేదు. దూలం మీద గబ్బిలాన్ని ఇంజినీరమ్మ వేసింది. అది కొంచెం కోడిలా వచ్చింది.

అయిదు దాటాక భార్య ఫోను చేసింది. పొద్దున్న జరిగిందంతా మధ్యాహ్నమే రెండు ముక్కల్లో చెప్పేశాడు, కాబట్టి ఆవిడ అది అడగలేదు. ఇంకా ఇంటికి రాలేదేం అని అడిగింది.

"పనుంది. ఇంకో గంట పడుతుంది."

"ఎక్కడున్నారు, మళ్ళీ ఏ కప్పులో?"

"లేదు లేదు. కుర్చీలో."

"పని చేస్తూనా?"

"పని చేస్తూనే."

"కూర్చుని?"

"కూర్చునే," అన్నాడు బాబాయ్, పధ్నాలుగో కేబుల్‌కి ఆకుపచ్చ రంగు వేస్తూ.

"అయితే తొందరేం లేదు," అంది ఆవిడ. "నెమ్మదిగానే రండి."